రోమ్‌కు రైల్లో వచ్చిన ఫాసిజం

1922 అక్టోబర్ 30 ఉదయం. మిలాన్‌లో రాత్రి బయల్దేరిన స్లీపర్ రైలు రోమ్ స్టేషన్‌లో ఆగింది. అందులోంచి 39 ఏళ్ల బెనిటో ముస్సోలిని దిగాడు. రాజభవనం నుంచి పిలుపు అందాకే ఆయన ఆ రైలెక్కాడు. అదే రోజు ఇటలీ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన ఫాసిస్టు పార్టీకి చెందిన నల్లచొక్కాల దళాలు రోమ్ వీధుల్లో కవాతు చేసింది ఆ మర్నాడు. ముందు పదవి వచ్చింది, కవాతు తర్వాత జరిగింది.

కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఇటలీలో చెప్పిన కథ వేరు. వేలాది వీరులు రోమ్ మీదికి దండెత్తి, చేతగాని ప్రభుత్వాన్ని కూలదోసి, అధికారం గుంజుకున్నారన్నది ఆ కథ. ఆ అక్టోబర్ నుంచే కొత్త శకం మొదలైందని క్యాలెండర్లో సంవత్సరాలు లెక్కపెట్టారు కూడా. ఫాసిస్టులు తమ గొప్ప కోసం అల్లిన ఆ కథనే మనలో చాలామందిమి కొంచెం అటూ ఇటూగా ఇప్పటికీ నమ్ముతున్నాం. ఫాసిజం అనగానే బూట్ల చప్పుడు, తుపాకులు, తలుపులు బద్దలుకొట్టే గుంపులు గుర్తొస్తాయి. తలుపు లోపలి గడియ తీసినవాళ్ల మొహాలు గుర్తురావు. యూరప్‌లో ఫాసిజం చరిత్ర అర్థం కావాలంటే ఆ గడియ దగ్గర నిలబడి చూడాలని నాకనిపిస్తుంది.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం. చనిపోబోయే తండ్రి కొడుకులను పిలిచి కట్టెల మోపు చేతికిచ్చి విరవమన్న కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఇటాలియన్‌లో ‘ఫాషో’ అంటే అలాంటి మోపే. ఐక్యతకు గుర్తు కాబట్టి ఆ మాటను 19వ శతాబ్దంలో కూలీలు, వామపక్షాలవాళ్లు కూడా వాడారు. సిసిలీలో 1890లలో తిరగబడ్డ రైతుకూలీల సంఘాల పేరు కూడా ఫాషీలే. ముస్సోలిని పార్టీ మాత్రం ప్రాచీన రోమ్ అధికారుల ముందు భటులు మోసుకెళ్లే మోపును గుర్తుగా పెట్టుకుంది. దాంట్లో కట్టెలతోపాటు ఒక గొడ్డలి కూడా ఉంటుంది. కట్టెలు దండించడానికి, గొడ్డలి తల నరకడానికి.

రెండో చిక్కు మన తెలుగులోనే ఉంది. పత్రికల్లో ‘తీవ్ర మితవాద పార్టీ’ అని చదువుతుంటాం. స్వాతంత్ర్యోద్యమ కాలంలో మితవాదులంటే నెమ్మదిగా, అర్జీలతో పని జరిపించుకుందామనే కాంగ్రెస్‌వాళ్లు. తర్వాత ఎప్పుడో వామపక్షానికి ఎదురుగా ఉండే రాజకీయం మొత్తానికీ ‘మితవాదం’ అనే పేరు స్థిరపడిపోయింది. దాంతో మితం అనే మాటకు ముందు తీవ్రం అని చేర్చాల్సి వచ్చింది. కాబట్టి ఇక్కడ తేలిగ్గా అర్థమయ్యేలా ‘అతివాద జాతీయవాదం’ అంటాను. ఇందులో రెండు రకాలున్నాయి. ఎన్నికల్లో పోటీచేస్తూ, వలసల మీద, మైనారిటీల మీద విద్వేషంతో ఓట్లడిగే పార్టీ ఒక రకం. ప్రజాస్వామ్యాన్నే వద్దనే గుంపు ఇంకో రకం. జర్మనీలో ప్రభుత్వ పరిభాష కూడా ఈ రెంటినీ విడివిడిగానే చూస్తుంది. రాజ్యాంగ మౌలిక వ్యవస్థను పడగొట్టాలనుకునే రెండో రకంవాళ్లే అక్కడ ‘ఎక్స్‌ట్రీమిస్టులు’.

మరి ఫాసిజం అంటే? దానికి కమ్యూనిజానికి ఉన్నట్టు మూలగ్రంథం లేదు. 1919 మార్చి 23న మిలాన్‌లో ముస్సోలిని మొదటి దళాన్ని స్థాపించాడు. ఆయన అప్పటికి సోషలిస్టు పార్టీ పత్రిక ‘అవాంతి’ సంపాదకుడిగా పనిచేసి, యుద్ధాన్ని సమర్థించినందుకు 1914లో పార్టీ నుంచి బహిష్కరణకు గురైనవాడు. ఆ ఏడాది దళం ప్రకటించిన కార్యక్రమంలో స్త్రీలకు ఓటుహక్కు, ఎనిమిది గంటల పనిదినం, సంపద మీద భారీ పన్ను, చర్చి ఆస్తుల స్వాధీనం ఉన్నాయి. రెండేళ్లు తిరిగేసరికి అదే దళం భూస్వాముల పక్షాన కూలీలను కొడుతోంది. 1929లో పోప్‌తో ఒప్పందం చేసుకుంది. మాట ఇన్నిసార్లు మారినా కొన్ని మారలేదు. మనిషి కంటే జాతి పెద్దది, జాతి నోరు నాయకుడొక్కడే, మన బాధలకు కారణం మనలోనే ఉన్న ద్రోహులు అన్నవి అలాంటివి. వీటితోపాటు, కొట్టడం, చంపడం సిగ్గుపడాల్సిన పని కాదు, మగతనం, శుద్ధి అనే నమ్మకం. నియంతలు అన్ని కాలాల్లోనూ హింస చేశారు. హింసను పండగలా జరుపుకోవడం మాత్రం ఫాసిజం ప్రత్యేకత. స్పెయిన్‌లో ఫ్రాంకో, పోర్చుగల్‌లో సలజార్ ఫాసిస్టులా, పాతకాలపు నియంతలా అన్న వాదన చరిత్రకారుల్లో తెగకపోవడానికి కారణం కూడా ఈ తేడాయే.

1919 నవంబర్ ఎన్నికల్లో ముస్సోలినికి సొంత నగరం మిలాన్‌లో ఐదు వేల ఓట్లు కూడా రాలేదు. ఒక్క సీటూ దక్కలేదు. సోషలిస్టులు 156 సీట్లతో పెద్ద పార్టీ అయ్యారు. అక్కడితో ముగిసిపోవాల్సిన మనిషి మూడేళ్లలో ప్రధాని ఎలా అయ్యాడు?

జవాబు ఉత్తర ఇటలీలోని పో నది లోయలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు ఆరు లక్షల మంది ఇటలీ సైనికులు చనిపోయారు. తిరిగొచ్చినవాళ్లకు భూమి ఇస్తామన్న మాట గాలికిపోయింది. ధరలు మండిపోయాయి. ఫెరారా, బొలోన్యా జిల్లాల్లో వ్యవసాయ కూలీలు సంఘాలు పెట్టుకుని బలపడ్డారు. ఎంత భూమికి ఎంతమంది కూలీలను పెట్టుకోవాలో, ఎవరిని పిలవాలో సంఘమే నిర్ణయించే స్థాయికి వచ్చారు. తరతరాలుగా గట్టుమీద నిలబడి కేకేస్తే పని జరిపించుకున్న భూస్వాములకు ఇది మింగుడు పడలేదు. 1920 సెప్టెంబర్‌లో కార్మికులు ట్యూరిన్, మిలాన్ ఫ్యాక్టరీలను ఆక్రమించుకోవడంతో పారిశ్రామికవేత్తలకూ భయం పట్టుకుంది. రష్యాలో జరిగిందే ఇక్కడా జరుగుతుందన్న టెన్షన్ మధ్యతరగతి ఇళ్లలోకీ పాకింది. విప్లవం రేపో మాపో అని సోషలిస్టులు ఉపన్యాసాలు దంచడమే తప్ప దానికి సిద్ధపడిందీ లేదు, భయపడేవాళ్లకు ధైర్యం చెప్పిందీ లేదు. వాళ్ల వైపు నుంచి ఇది పెద్ద తప్పే.

ఆ భయానికి డబ్బు తోడైంది. భూస్వాములు నల్లచొక్కాలకు లారీలు, పెట్రోలు, డబ్బు ఇచ్చారు. మాజీ సైనికాధికారులు, కాలేజీ కుర్రాళ్లు రాత్రిపూట లారీల్లో ఊళ్ల మీద పడేవాళ్లు. కూలీసంఘం ఆఫీసు తగలబెట్టి, సంఘం నాయకుడిని ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి దుడ్డుకర్రలతో బాదేవాళ్లు. తర్వాత ఆముదం తాగించేవాళ్లు. మన ఇళ్లలో పిల్లలకు కడుపు శుభ్రం కావడానికి చెంచాడు పట్టే ఆముదమే. వీళ్లు సీసాలకు సీసాలు గొంతులో పోసేవాళ్లు. ఊరందరూ చూస్తుండగా, నిన్నటిదాకా తమ తరఫున దొరతో మాట్లాడిన మనిషి బట్టలు పాడుచేసుకుని నడిరోడ్డు మీద కూలబడాలి. కొందరు చనిపోయారు కూడా. బతికినవాళ్లు మళ్లీ ఊళ్లో తలెత్తుకుని మాట్లాడలేకపోయారు. చంపితే అమరుడవుతాడు, అవమానిస్తే సంఘమే చస్తుందని వాళ్లు కనిపెట్టిన పద్ధతి అది. 1921 మొదటి ఆరు నెలల్లోనే వందకు పైగా కార్మిక భవనాలను, వందకు పైగా సహకార సంఘాలను ధ్వంసం చేశారు. పోలీసులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు, కొన్నిచోట్ల సాయపడ్డారు.

మొదటి గడియ తీసింది జొవాన్ని జోలిట్టి. ఐదుసార్లు ప్రధాని అయిన ఉదారవాది, కాకలు తీరిన రాజకీయవేత్త. ముల్లును ముల్లుతోనే తీయాలని లెక్కవేశాడు. 1921 మే ఎన్నికల్లో సోషలిస్టులను తగ్గించడానికి ఫాసిస్టులను తన జాతీయ కూటమిలో చేర్చుకున్నాడు. 35 మంది ఫాసిస్టులు పార్లమెంటుకు వచ్చారు. మర్యాదస్తుల జాబితాలో పేరు ఉండటమే వాళ్లకు కావలసిన మర్యాద. పని అయ్యాక ఈ ముల్లు దానంతటదే రాలిపోతుందని ఆయన నమ్మకం.

1922 అక్టోబర్ చివరికి పాతిక వేల పైచిలుకు నల్లచొక్కాలు రోమ్ చుట్టుపక్కల వానలో తడుస్తూ నిలబడ్డారు. వాళ్ల ఆయుధాలు అంతంతమాత్రం, తిండికీ కటకటే. నగరంలో దాదాపు అంతే సంఖ్యలో శిక్షణ పొందిన సైన్యం ఉంది. ప్రధాని లుయీజి ఫక్తా అత్యవసర పరిస్థితి ఉత్తర్వు తయారుచేశాడు. జిల్లాలకు టెలిగ్రాములు కూడా వెళ్లాయి. రాజు సంతకం ఒక్కటే మిగిలింది. అక్టోబర్ 28 ఉదయం మూడో విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం పెట్టనన్నాడు. సైన్యం మీద అనుమానమా, అంతర్యుద్ధం వస్తుందన్న భయమా, సోషలిస్టుల కంటే వీళ్లే నయమన్న ఆలోచనా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉన్నారు. ఫలితంలో మాత్రం సందేహం లేదు. ఆ సంతకం పడి ఉంటే ముస్సోలిని ఎక్కాల్సిన రైలు రోమ్‌కు కాదు, స్విట్జర్లాండ్‌కు.

కొత్త మంత్రివర్గంలో ముస్సోలినితో కలిపి ఫాసిస్టులు నలుగురే. మిగిలినవాళ్లు ఉదారవాదులు, క్యాథలిక్ పాపులర్ పార్టీవాళ్లు, సైనికాధికారులు. విశ్వాస పరీక్షలో అనుకూలంగా 306 ఓట్లు, వ్యతిరేకంగా 116. ‘ఈ బూడిదరంగు సభను నా దళాలకు విడిదిగా మార్చేయగలిగేవాణ్ణి’ అని మొహం మీదే బెదిరించిన మనిషికి ఆ సభ వేసిన ఓట్లవి. వేసినవాళ్లలో జోలిట్టి ఉన్నాడు, మాజీ ప్రధానులు సలాంద్రా, ఓర్లాందో ఉన్నారు. మరుసటి ఏడాది అదే సభ ఎన్నికల చట్టం మార్చింది. కనీసం 25 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచిన జాబితాకు మూడింట రెండు వంతుల సీట్లు ఇచ్చేయాలన్నది ఆ చట్టం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

1924 ఏప్రిల్ ఎన్నికలు దౌర్జన్యాల మధ్య జరిగాయి. మే 30న జాకోమో మత్తెయొట్టి అనే 39 ఏళ్ల సోషలిస్టు సభ్యుడు సభలో లేచారు. రోవిగో ప్రాంతంలో భూములున్న కుటుంబంలో పుట్టి, ఆ భూముల్లో పనిచేసే కూలీల పక్షాన నిలబడ్డ మనిషి ఆయన. ఎక్కడ ఏ అభ్యర్థిని కొట్టారో, ఎక్కడ సభ పెట్టనివ్వలేదో చదువుతూ పోయారు. ప్రతి వాక్యానికీ కేకలు, బెదిరింపులు. ఆయన ఆగలేదు. ఈ ఎన్నిక చెల్లదని ముగించి కూర్చున్నాక, నా ఉపన్యాసం నేను చేశాను, ఇక నా సంతాప సభ ఉపన్యాసం మీరు సిద్ధం చేసుకోండి అని పక్కవాళ్లతో అన్నారంటారు. జూన్ 10 మధ్యాహ్నం టైబర్ నది ఒడ్డున నడుస్తుండగా ఐదుగురు ఆయన్ను కారులోకి లాగి, పొడిచి చంపారు. శవం ఆగస్టు 16న గానీ దొరకలేదు, రోమ్ బయట అడవిలో.

దేశం ఉలిక్కిపడింది. ముస్సోలిని ప్రభుత్వం నిజంగా ఊగిన సమయం ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ప్రతిపక్షం సభను బహిష్కరించి, రాజు ఏదైనా చేస్తాడని ఎదురుచూసింది. రాజు కదల్లేదు. తత్వవేత్త బెనెదెత్తో క్రోచే అంతటివాడు, తర్వాత ఫాసిజాన్ని ధిక్కరించి నిలబడినవాడు, ఆ జూన్‌లో సెనేట్‌లో ముస్సోలినికే విశ్వాసం ప్రకటించాడు. ప్రభుత్వం నెమ్మదిగా దారికొస్తుందని ఆశ. ఆరునెలలు చూసి, ఎవరూ తనను దించరని తేలాక, 1925 జనవరి 3న ముస్సోలిని సభకు వచ్చి జరిగినదానికి రాజకీయ, నైతిక, చారిత్రక బాధ్యత నాదేనన్నాడు. చేతనైతే పట్టుకోండన్నట్టు. నియంతృత్వం మొదలైన తేదీ ఇదే అంటాను నేను, 1922 అక్టోబర్ కాదు. 1926 చివరికి మిగతా పార్టీలన్నీ నిషేధం. పార్లమెంటు సభ్యుడైన కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంషీ జైల్లో.

బయటినుంచి చూసేవాళ్లకు ఇది కనబడేది కాదు. 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ ముస్సోలిని ఆహ్వానం మీద ఇటలీ వెళ్లి మెచ్చుకుంటూ మాట్లాడారు. ఇటలీ దాటాక, ఫాసిజం వల్ల దేశం వదిలిన ప్రవాసులను కలిసి, అసలు సంగతి విని కలత చెందారు. ఫాసిజాన్ని ఖండిస్తూ ఆయన రాసిన లేఖ ఇంగ్లండ్ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాతి దశలు చాలామందికి తెలిసినవే: 1935లో ఇథియోపియా మీద దాడి, అక్కడ విషవాయువుల ప్రయోగం, 1938లో యూదు వ్యతిరేక జాతి చట్టాలు. నాజీల ఆక్రమణలో ఉన్న రోమ్‌లో 1943 అక్టోబర్ 16న పట్టుకున్న యూదుల్లో వెయ్యిమందికి పైగా నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్‌కు వెళ్లారు. తిరిగొచ్చింది 16 మంది.

జర్మనీ కథలోనూ గడియ లోపలే ఉంది. 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ బలవంతంగా అధికారం గుంజుకోబోతే పోలీసులు కాల్పులు జరిపారు, తిరుగుబాటు ఒక్కరోజులో చల్లారింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీల ఓట్లు 37 శాతం నుంచి 33కు పడిపోయాక, సంప్రదాయవాది ఫాన్ పాపెన్ వెళ్లి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించాడు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయినప్పుడు ఆయనతో కలిపి మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే. రెండు నెలలు తిరగకుండానే పార్లమెంటు తన శాసనాధికారాన్ని 444–94 ఓట్లతో ఆయనకు రాసిచ్చేసింది. వ్యతిరేకంగా ఓటేసింది సోషల్ డెమోక్రాట్లు ఒక్కరే. కమ్యూనిస్టులను అప్పటికే సభలోకి రానివ్వలేదు.

గడియ తీయనిచోట ఏం జరిగిందో కూడా చూడాలి. ఈ భాగం గురించి ఎందుకో తక్కువ మాట్లాడతారు. ఫిన్లాండ్‌లో లపువా అనే అతివాద జాతీయవాద ఉద్యమం కమ్యూనిస్టులను ఎత్తుకెళ్లి, కొట్టి, సరిహద్దు దాటించేది. ఆ ఉద్యమం అండతోనే 1931లో అధ్యక్షుడైన స్విన్‌హువుద్ పచ్చి కమ్యూనిస్టు వ్యతిరేకి. 1932లో మాంత్సాలా అనే ఊళ్లో ఉద్యమకారులు ఆయుధాలు పట్టి ప్రభుత్వం దిగిపోవాలన్నప్పుడు, ఆయన రేడియోలో మాట్లాడి ఇళ్లకు వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లిపోయారు. కమ్యూనిస్టుల కోసమని లపువావాళ్లు పట్టుబట్టి తెప్పించిన గణతంత్ర రక్షణ చట్టం కిందే లపువాను నిషేధించారు. బెల్జియంలో 1936లో 21 సీట్లు గెలిచిన రెక్సిస్టుల (అక్కడి ఫాసిస్టు తరహా పార్టీ) నాయకుడు దెగ్రెల్, మరుసటి ఏడాది బ్రస్సెల్స్ ఉపఎన్నికలో తానే నిలబడ్డాడు. క్యాథలిక్కులు, ఉదారవాదులు, సోషలిస్టులు, కమ్యూనిస్టులు అందరూ ప్రధాని వాన్ జీలండ్ వెనక నిలిచారు. మతపెద్ద కార్డినల్ కూడా దెగ్రెల్‌కు ఓటేయొద్దన్నాడు. వాన్ జీలండ్‌కు నాలుగింట మూడొంతుల ఓట్లు పడ్డాయి. ఇటలీలో, జర్మనీలో ఉన్న నిరుద్యోగం, అవమానం, కోపం ఇక్కడా ఉన్నాయి. ఎటూ ఊగిపోగలిగే సంప్రదాయవాదులు ఇక్కడ ప్రజాస్వామ్యం పక్కన నిలబడ్డారు.

1945తో ఇదంతా అయిపోలేదు. ఏప్రిల్ 28న ముస్సోలినిని కాల్చిచంపారు. 1946 డిసెంబర్‌లోనే ఆయన చివరి ప్రభుత్వంలో పనిచేసినవాళ్లు ఇటాలియన్ సోషల్ మూవ్‌మెంట్ అనే పార్టీ పెట్టారు. గుర్తు మూడు రంగుల జ్వాల. ఫాసిస్టు పార్టీని మళ్లీ పెట్టకూడదని రాజ్యాంగంలో రాసుకున్నా, ఈ పార్టీ ఎన్నికల్లో పోటీచేస్తూ పార్లమెంటులో ఒక మూలన కూర్చుంది. 1960లో తంబ్రోని అనే ప్రధాని దీని ఓట్లతో ప్రభుత్వం నిలుపుకున్నాడు. ఫాసిస్టు వ్యతిరేక ప్రతిఘటన పోరాటంలో పేరున్న జెనోవా నగరంలో ఆ పార్టీ మహాసభ పెట్టబోతే జనం వీధుల్లోకి వచ్చారు. గొడవలు ఊరూరా పాకి ప్రాణాలు పోయాయి. జులైలో తంబ్రోని రాజీనామా చేశాడు. ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది 1994లో, ప్రధాని బెర్లుస్కోని తన ప్రభుత్వంలో వాళ్లకు మంత్రి పదవులిచ్చినప్పుడు. మరుసటి ఏడాది ఆ పార్టీ పేరు మార్చుకుంది. దాని నాయకుడు ఫీని 2003లో జెరూసలెంలో ఫాసిజాన్ని సంపూర్ణమైన చెడులో భాగమన్నాడు. ఆ వంశవృక్షంలోంచే వచ్చిన ‘బ్రదర్స్ ఆఫ్ ఇటలీ’ 2022 సెప్టెంబర్‌లో 26 శాతం ఓట్లతో గెలిచింది. ముస్సోలిని రైలు దిగి వందేళ్లు నిండబోయే నెలలో జార్జియా మెలోని ప్రధాని అయ్యారు. ఫాసిజం మీద తనకెన్నడూ సానుభూతి లేదని, 1938 జాతి చట్టాలు ఇటలీ చరిత్రలో అధమ స్థాయి అని ఆమె పార్లమెంటులో అన్నారు. పార్టీ గుర్తులో జ్వాల మాత్రం అలాగే ఉంది.

దీన్ని ఫాసిజం అనొచ్చా? నా మట్టుకు అనను. ఎన్నికలు జరుగుతున్నాయి, కోర్టులు పనిచేస్తున్నాయి, ఆముదం సీసాలు పట్టుకున్న దళాలు లేవు. నచ్చని ప్రతివాణ్ణీ ఫాసిస్టు అనేస్తే ఆ మాటకు పదును పోతుంది. కానీ ఆ జ్వాల ఎక్కడిదో అడగడం మానకూడదు. ఆస్ట్రియా ఫ్రీడం పార్టీకి 1956లో మొదటి అధ్యక్షుడు నాజీల సాయుధ దళమైన ఎస్ఎస్‌లో మాజీ అధికారి. ఫ్రాన్స్‌లో 1972లో నేషనల్ ఫ్రంట్ పెట్టినవాళ్లలో ఆ ఎస్ఎస్ యుద్ధ విభాగం వాఫెన్ ఎస్ఎస్‌లో పనిచేసిన మనిషి ఉన్నాడు. 2002 అధ్యక్ష ఎన్నికల్లో ఆ పార్టీ నాయకుడు జాన్-మరీ లెపెన్ రెండో రౌండుకు చేరితే వామపక్ష ఓటర్లు కూడా వెళ్లి షిరాక్‌కు ఓటేశారు, 82 శాతం వచ్చాయి. 2022లో ఆయన కూతురికి 41 శాతం దాటాయి. జర్మనీలో మిగతా పార్టీలు అతివాద జాతీయవాద పార్టీ ఏఎఫ్‌డీతో కలవకూడదని ‘అగ్నిగోడ’ అనే మాట పెట్టుకున్నాయి. 2025 ఎన్నికల్లో ఏఎఫ్‌డీకి దాదాపు 21 శాతం ఓట్లొచ్చాయి.

ఓటు పెట్టె పక్కనే రెండో పాయ ఒకటి పారుతూ వచ్చింది, బాంబులది. 1969 డిసెంబర్ 12న మిలాన్‌లోని ఫోంతానా కూడలి బ్యాంకులో పేలుడు, 17 మంది మృతి. పోలీసులు ముందు అరాచకవాదులను పట్టుకున్నారు. విచారణలో ఉన్న రైల్వే ఉద్యోగి పినెల్లి పోలీసు కార్యాలయం కిటికీలోంచి పడి చనిపోయాడు. బాంబు పెట్టింది నవఫాసిస్టులని తేలడానికి దశాబ్దాలు పట్టింది. జనాన్ని భయపెట్టి, గట్టి ప్రభుత్వం కావాలని వాళ్లతోనే అనిపించాలన్నది వాళ్ల ఎత్తుగడ.

1980 ఆగస్టు 2, శనివారం. సెలవులకు బయల్దేరిన కుటుంబాలతో బొలోన్యా స్టేషన్ కిటకిటలాడుతోంది. రెండో తరగతి వెయిటింగ్ రూంలో ఒక సూట్‌కేసు పేలింది. 85 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో మూడేళ్ల పాప ఉంది. అంబులెన్సులు చాలలేదు. 37వ నంబర్ సిటీ బస్సు కిటికీలకు తెల్లదుప్పట్లు కట్టి అందులో శవాలను తరలించారు. నవఫాసిస్టు ముఠా సభ్యులకు శిక్షలు పడ్డాయి. దర్యాప్తును తప్పుదారి పట్టించినందుకు సైనిక గూఢచారి సంస్థ అధికారులకు కూడా పడ్డాయి.

స్టేషన్ గోడ మీది గడియారం పేలుడుకు 10 గంటల 25 నిమిషాల దగ్గర ఆగిపోయింది. దాన్ని బాగుచేశారు, మళ్లీ ఏళ్ల తరబడి తిరిగింది. 1996లో చెడిపోయినప్పుడే ఇక బాగుచేయకుండా 10:25 దగ్గర ఉంచేశారు. తర్వాత పరిశోధకులు ఆ ఊరివాళ్లను అడిగితే, రోజూ దాని కింద తిరిగినవాళ్లు కూడా అది 1980 నుంచీ ఆగే ఉందని చెప్పారు. వెయిటింగ్ రూంలో బాంబు తవ్విన గుంటను పూడ్చకుండా వదిలేశారు. గోడమీద చనిపోయినవాళ్ల పేర్లు, వయసులు చెక్కి ఉన్నాయి. పైన ‘ఫాసిస్టు ఉగ్రవాద బాధితులు’ అని రాసి ఉంది. ఏటా ఆగస్టు 2న ఊరు ఊరంతా స్టేషన్ దాకా నడిచొస్తుంది. 10:25కి రైలు కూత వేస్తారు. ఆ తర్వాత ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు.